మన్నిక, శాశ్వతం: ‘డ్యూరబుల్’కి ఏది మేలు?

నెల్లూరులో చెక్క గరిటెలు అమ్మే తెలిసినాయన, డబ్బా మీద వేయించడానికి నాలుగు మాటలు రాసిమ్మన్నాడు. ఇంగ్లీషులో ‘డ్యూరబుల్’ అని ఉంది. అంతకుముందు ఎవరో దాన్ని ‘శాశ్వతమైన’ అని తెలుగు చేశారు. అది కొట్టేసి ‘మన్నికైన’ అని రాశాను. “శాశ్వతం అంటే ఇంకా గొప్పగా ఉంటుంది కదన్నా” అన్నాడు. చెక్క ఎప్పటికైనా అరిగేదే, అలా రాస్తే అబద్ధమవుతుందని చెప్పాను.

మా ఇంట్లో ఉదయగిరి చెక్క గరిటె ఒకటుంది. అంచు ఒకపక్కకి అరిగి వాలిపోయింది. పులుసు పట్టీ పట్టీ నల్లబడింది. పిడి మాత్రం చెక్కుచెదరలేదు, అమ్మ ఇప్పటికీ దాంతోనే కలుపుతుంది. వాడకానికి ఓర్చుకుంటూ, అరుగుతూ కూడా పనికొస్తోందే, దాన్నే మన్నిక అంటాం. శాశ్వతమైనదానికి అరుగుదలే ఉండకూడదు. చెప్పులు రెండేళ్లు వచ్చినా ‘బాగా మన్నాయి’ అంటాం కదా!

‘గట్టి’ అనొచ్చు కానీ చాలదు. మార్కాపురం పలక గట్టిదే, చేయి జారితే ముక్కలవుతుంది. ఇక తినేవాటికి మన్నిక అస్సలు నప్పదు. ఆవకాయ మన్నదు, నిలవ ఉంటుంది.

‘పర్మనెంట్’ సంగతి వేరు. దానికి ఎదురుమాట తాత్కాలికం, కాబట్టి ‘శాశ్వత చిరునామా’ సరైనదే. ఆంధ్రాలో సర్కారు ఉద్యోగం 62 ఏళ్లకు ముగిసేదే అయినా ‘శాశ్వత ఉద్యోగం’ అనడంలో తప్పులేదు, తాత్కాలికం కాదని చెప్పడమే అక్కడ ఉద్దేశం. ఇంట్లో మాత్రం ‘మావాడికి పర్మనెంట్ అయింది’ అనే అంటాం. ఆ మాటలోని ఊరట శాశ్వతంలో నాకు వినపడదు.

‘పెరెన్నియల్’ లాటిన్ నుంచి వచ్చింది, ఏడాది పొడవునా అని దాని మొదటి అర్థం. నదికైతే మనకు ‘జీవనది’ ఉంది, ఇంగ్లీషు మాటకన్నా అందమైనది. మండువేసవిలో పెన్నా వంతెన మీద నిలబడి ఇసుక చూసినవాళ్లకు ఆ మాట విలువ బాగా తెలుసు. ‘పెరెన్నియల్’ని సమస్యకు వాడితేనే చిక్కు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల బాధను ‘శాశ్వత సమస్య’ అని రాస్తే, ఇక తీరదని ఒప్పేసుకున్నట్టే. నేనైతే ‘ఏళ్ల తరబడి వేధిస్తున్న సమస్య’ అని రాస్తాను, మంచినీళ్లు అందితే తీరేదే కాబట్టి.