జ్యూరిస్‌డిక్షన్ పక్కన ఏ మాట రాయాలి? ఆరు వారాల లీగల్ ఇంగ్లీష్ కోర్సుపై నా రివ్యూ

డిగ్రీ దాకా నాది తెలుగు మీడియం. గుంటూరులో సీనియర్ లాయర్ గారి దగ్గర జూనియర్‌గా చేరి రెండేళ్లయింది. సెక్షన్ గుర్తొస్తుంది కానీ ఇంగ్లీషులో వాక్యం కుదరదు. దావాలో కోర్టుకు పరిధి (జ్యూరిస్‌డిక్షన్, అంటే ఆ కేసు వినే అధికారం) ఎలా వచ్చిందో చెప్పాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 7 రూల్ 1 అడుగుతుంది. ఆ పేరాలో నేను ప్రతిసారీ 'కోర్ట్ ఈజ్ హావింగ్ జ్యూరిస్‌డిక్షన్' అని రాయడం, ఆయన కొట్టేసి 'హ్యాజ్' అని దిద్దడం. ఎందుకో అడిగే ధైర్యం నాకు లేదు. అందుకే ఈ ఆన్‌లైన్ కోర్సులో చేరాను. శని, ఆదివారాలు రాత్రి ఎనిమిదికి క్లాసు. ఫీజు 3,500 రూపాయలు.

మూడో వారం మొత్తం 'జ్యూరిస్‌డిక్షన్' అనే ఒక్క మాట మీదే. ఏ పని ఎవరిదో మేడం విడదీసి చెప్పారు. చట్టం జ్యూరిస్‌డిక్షన్‌ని 'కన్ఫర్' చేస్తుంది, అంటే ఇస్తుంది. కక్షిదారు 'ఇన్‌వోక్' చేస్తాడు, అంటే దాన్ని వాడమని కోర్టును కోరతాడు. కోర్టు 'ఎక్సర్‌సైజ్' చేస్తుంది, అంటే వాడుతుంది, హద్దు మీరితే 'ఎక్సీడ్' చేసినట్టు. హైకోర్టులో వేసే ఒక రిట్ పిటిషన్‌లో నేను పిటిషనర్ రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద జ్యూరిస్‌డిక్షన్‌ని ఎక్సర్‌సైజ్ చేస్తున్నాడని రాశాను. అది హైకోర్టు చేసే పని కదా! తెలుగులో పరిధి అంటే గీత. దాటతాం, లోపల ఉంటాం. ఇంగ్లీషులో అది చేతికిచ్చిన అధికారం కూడా, అందుకే దాన్ని ఇవ్వడం, వాడటం. ఇది తెలిశాక నా టెన్షన్ సగం పోయింది.

పరీక్ష కోసం బట్టీ పట్టిన సీపీసీ సెక్షన్ 115 (కింది కోర్టు ఉత్తర్వును హైకోర్టు సరిచూసే రివిజన్) కూడా అప్పుడే అర్థమైంది. లేని జ్యూరిస్‌డిక్షన్‌ని ఎక్సర్‌సైజ్ చేయడం, ఉన్నదాన్ని చేయకపోవడం, చేస్తూ చట్టవిరుద్ధంగా నడవడం, ఇవి మూడు వేర్వేరు తప్పులు. రివిజన్ పిటిషన్‌లో మన కేసు ఏ తప్పు కిందికి వస్తుందో రాయాలి.

షాపు బిల్లుల కింద 'సబ్జెక్ట్ టు విజయవాడ జ్యూరిస్‌డిక్షన్' (తగాదా వస్తే విజయవాడ కోర్టుకే) అని ఉంటుంది చూడండి, దాని మీద అరగంట చర్చ జరిగింది. పరిధి ఉన్న కోర్టుల్లో ఒకదాన్ని ఎంచుకోవచ్చు. అసలు పరిధే లేని కోర్టుకు ఇద్దరూ ఒప్పుకున్నా అది రాదు.

నచ్చనివీ ఉన్నాయి. వర్క్‌షీట్లన్నీ ఇంగ్లండ్ కోర్టుల ఉదాహరణలే. మన జూనియర్ సివిల్ జడ్జి కోర్టు దావా ఒక్కటైనా పెట్టాల్సింది. జ్యూరిస్‌డిక్షన్ తర్వాత 'ఓవర్' ఎక్కడ, 'ఆఫ్' ఎక్కడ అన్నది పావుగంటలో ముగించేశారు, నేను ఎక్కువ తడబడేది అక్కడే. రికార్డింగులు పది రోజులకే తీసేస్తారు. కోర్టు పనితో తిరిగేవాళ్లకు అది చాలదు.

మాట్లాడే ఇంగ్లీష్ కోసమైతే ఇది వద్దు. డ్రాఫ్టింగ్ దగ్గర ఆగిపోతున్న జూనియర్లు మాత్రం తప్పకుండా చేరండి. మా ఆఫీసులో కొత్తగా వచ్చిన అమ్మాయికి మూడో వారం నోట్స్ జిరాక్స్ తీసి ఇచ్చాను, వచ్చే బ్యాచ్‌లో తనూ చేరుతోంది.