ఏడేళ్లు వాడాక చెబుతున్నా, ముందు కడ్డీల నేల చూడండి

గుంటూరులో ఒక ఫార్మసీ కాలేజీ ఫార్మకాలజీ ల్యాబులో ఏడేళ్లుగా రెండు పెట్టెలతో పనిచేస్తున్నాను. ఒకటి ప్లేస్ ప్రిఫరెన్స్ పెట్టె. మందు ఇచ్చి ఉంచిన గదికి ఎలుక మళ్లీ మళ్లీ వెళ్తే ఆ మందు దానికి సుఖమిచ్చిందని అర్థం. రెండోది పాసివ్ అవాయిడెన్స్ పెట్టె. వెలుతురు గదిలోంచి చీకటి గదిలోకి వెళ్లగానే నేలగా పరిచిన లోహపు కడ్డీల నుంచి కాళ్లకు చిన్న షాక్ తగులుతుంది. 24 గంటల తర్వాత అదే గుమ్మం దగ్గర ఎలుక ఎంతసేపు ఆగిందో చూస్తాం. 300 సెకన్లు దాటినా లోపలికి వెళ్లకపోతే బాగా గుర్తుపెట్టుకున్నట్టే.

మొదటి పెట్టె నాకు బాగా నచ్చింది. అయితే విస్టర్ అనే రకం తెల్ల ఎలుకలకు వెలుతురంటే పడదు, మందేమీ ఇవ్వకముందే నల్లగోడల గదిలో చేరి కూర్చుంటాయి. అందుకే తొలిరోజు ఖాళీగా తిరగనిచ్చి, ఏ గదిలో ఎంతసేపు ఉందో రాసుకున్నాకే మందు ఏ గదిలో ఇవ్వాలో తేల్చుకుంటాం. ఎలుక కదలికలను లెక్కపెట్టే దీని ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లతో ఒక చిక్కు వచ్చింది. సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ పడితే ఖాళీ పెట్టెలో కూడా లెక్క పెరిగేది. మందపాటి తెర కట్టాక ఆగింది. గుమ్మంలో తోక మిగిలిపోయినా లెక్క తప్పుతుంది కాబట్టి పైనుంచి వీడియో తీసి సరిచూసుకుంటాం.

రెండో పెట్టె నన్ను చాలా ఏడిపించింది. మొదటి ఏడాది, మందు ఇవ్వని ఎలుకలు కూడా మర్నాడు నేరుగా చీకటి గదిలోకి నడిచి వెళ్లిపోయేవి. మూడు వారాలు జంతువులను అనుమానించాం, సమయాన్ని అనుమానించాం. మీటర్ మీద 0.5 మిల్లీ ఆంపియర్లు నిక్షేపంగా కనిపించేది. చివరికి నేల ఊడదీసి చూస్తే కడ్డీల మొదళ్లలో మూత్రం, పెంటికలు పేరుకుని ఉన్నాయి. కరెంటు ఎలుక పాదాల్లోంచి వెళ్లకుండా ఆ తడిలోంచే దారి చూసుకుంటోంది. ఆ ఎలుకలన్నీ వృథాగా పోయాయి. ఒక్కో జంతువుకూ ఎథిక్స్ కమిటీకి జవాబు చెప్పుకోవాలి సరే, వాటిని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అప్పటినుంచి ప్రతి ఎలుక తర్వాతా కడ్డీలు తుడిచి, పూర్తిగా ఆరబెడతాం. రోజూ పొద్దున్నే రెండు కడ్డీల మధ్య రెసిస్టర్ పెట్టి కరెంటు కొలుస్తాం. స్క్రాంబ్లర్ పనిచేస్తోందో లేదో కూడా చూడాలి. అది కడ్డీల ధ్రువాలను క్షణక్షణం మారుస్తుంది. అది లేకపోతే ఎలుక ఒకే ధ్రువమున్న రెండు కడ్డీలు వెతుక్కుని హాయిగా నిలబడుతుంది. మీకు కనిపించేది మందు ప్రభావం అనుకుంటారు, నిజానికి అది ఎలుక తెలివి.

వాసనల సంగతి మన ఊరివాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. సీజన్‌లో మిర్చి యార్డు వైపు గాలి తిరిగితే ఘాటు మా కిటికీల దాకా వస్తుంది. మనకే ముక్కు మండుతుంటే ఎలుక మాటేమిటి? అలాంటి రోజు ప్రయోగం ఆపేస్తాను. వేసవిలో పిల్లలు జడలో మల్లెపూలు పెట్టుకొస్తే ల్యాబు బయటే తీసి పెట్టమంటాను. ఒక్క గదిలోనే ఆ వాసన తగిలినా ఎలుక దాన్నే గుర్తుగా పట్టేసుకుంటుంది. తుడిచిన స్పిరిట్ వాసన పోయేదాకా కూడా ఆగాలి.

కరెంటు పోతే మా పెట్టె టైమర్ సున్నా నుంచి మొదలవుతుంది, యూపీఎస్ తప్పనిసరి. తలుపు లాగే తాడు తెగినప్పుడు అమ్మినవాళ్లు రెండు నెలలు తిప్పించారు. నేనే గాలం తీగ కట్టాను, నాలుగేళ్లుగా చెక్కుచెదరలేదు.

మళ్లీ కొనాల్సి వస్తే మొదటి పెట్టె కళ్లు మూసుకుని కొంటాను. రెండోదానికి మాత్రం నేల ఊడదీసి కడిగే వీలుండాలి, కడ్డీలు స్టెయిన్‌లెస్ స్టీలువై ఉండాలి. డబ్బు కట్టేముందు స్క్రాంబ్లర్‌ను మీ మల్టీమీటర్‌తో మీ కళ్లెదుటే పరీక్షించి చూపించమనండి.