పాత కారు కొంటున్నారా? డాష్‌బోర్డులో లైటు వెలగలేదని నమ్మి డబ్బు ఇవ్వకండి

బ్రిటన్‌లో పాత కారు కోసం వెతుకుతున్న తెలుగువారికి, ముఖ్యంగా చదువుకో ఆసుపత్రి ఉద్యోగానికో కొత్తగా వచ్చి రెండు వేల పౌండ్ల లోపల బండి చూసుకుంటున్నవారికి ఈ హెచ్చరిక. ఈ జనవరిలో నేను 1,850 పౌండ్లకు కొన్న పెట్రోలు కారు మార్చిలో ఎంఓటీ పరీక్ష, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి యోగ్యమా కాదా అని ఏటా తప్పనిసరిగా చేసే పరీక్ష, తప్పింది. బ్రేకులు బాగున్నాయి, టైర్లు బాగున్నాయి, అడుగున తుప్పు లేదు. డాష్‌బోర్డు మీద వెలుగుతున్న ఒక్క పసుపు రంగు ఇంజిన్ లైటు వల్ల తప్పింది. నేను కారు చూసి డబ్బు చెల్లించిన రోజున ఆ లైటు వెలగలేదు. వెలగకుండా ఎవరో చేశారన్న సంగతి నాకు రెండు నెలల తరువాత తెలిసింది.

కారు 2009 సెప్టెంబరులో రిజిస్టరైంది. ప్రకటనలో సొంతదారే అమ్ముతున్నట్టు రాసి ఉంది. రెడింగ్ నుంచి నలభై మైళ్ల దూరంలోని ఒక ఇంటి ముందు, జనవరి రెండో శనివారం ఉదయం పదకొండున్నరకు బండి చూశాను. అమ్మిన మనిషి మర్యాదస్తుడు. ఇది తన అక్క కారని, ఆమె వేరే దేశం వెళ్లిపోయిందని, అందుకే లాగ్‌బుక్కులో, అంటే కారు రిజిస్ట్రేషన్ పత్రంలో, తన పేరు లేదని చెప్పాడు. నేను తాళం తిప్పాను. లైట్లన్నీ ఒక్కసారి వెలిగి, ఇంజిన్ అందుకోగానే ఒకటొకటిగా ఆరిపోయాయి. అంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

ఆ రోజు నా కళ్ల ముందే ఉన్నా నేను లెక్కలోకి తీసుకోని విషయాలు రెండు ఉన్నాయి. సమయం పదకొండున్నర దాటితే డాష్‌బోర్డులోని గడియారం 1:47 చూపిస్తోంది. రేడియో నొక్కితే పాట రాలేదు. ‘కోడ్’ అన్న మాట తెర మీదికి వచ్చి అక్కడే ఆగింది. అడిగితే, బ్యాటరీ కొత్తది వేయించామని, రేడియో కోడు కాగితం ఎక్కడో ఉందని, పంపిస్తానని అన్నాడు. కొత్త బ్యాటరీ అనేసరికి నేను సంతోషించాను కూడా. తరువాత ఆ రోజు ఫోనులో తీసుకున్న ఫొటోలు పెద్దవి చేసి చూస్తే, బ్యాటరీ మీద దుమ్ము పేరుకుపోయి ఉంది, ఒక టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది, రెండో టెర్మినల్ బిగించే నట్టు మీద మాత్రం స్పానరు తాలూకు కొత్త గీతలు మెరుస్తున్నాయి. బ్యాటరీ మార్చలేదు, తీగ విప్పి మళ్లీ బిగించారు. పాత కార్లలో చాలావాటిలో బ్యాటరీ తీగ కాసేపు విప్పితే గడియారం మొదటికి వస్తుంది, రేడియో కోడు అడుగుతుంది, ఇంజిన్ కంప్యూటరులో నిల్వ ఉన్న తప్పుల జాబితా చెరిగిపోయి లైటు ఆరిపోతుంది. ఆ కంప్యూటరులోని తప్పులను చదివే చిన్న స్కానర్ తగిలించి ఒక మీట నొక్కినా జాబితా అంతే చెరుగుతుంది. అలా చేస్తే గడియారం కూడా చెదరదు. కాబట్టి గడియారం సరిగ్గా ఉందన్నంత మాత్రాన బండి శుభ్రమని అనుకోవడానికి లేదు.

చెరిపేసిన తప్పు వెంటనే తిరిగి రాకపోవడానికి కారణం ఉంది, ఈ మోసం సాగేది ఆ కారణం చేతనే. నా కారులో చెడింది పొగ గొట్టంలో విషవాయువులను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్. దాని ముందు ఒకటి, వెనక ఒకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. కన్వర్టర్ పని చేస్తుంటే ముందు సెన్సర్ రీడింగు ఎగిరెగిరి పడుతున్నా వెనక సెన్సర్ రీడింగు దాదాపు నిలకడగా ఉంటుంది. కన్వర్టర్ అరిగిపోతే వెనకది కూడా ముందుదాని లాగే ఊగడం మొదలుపెడుతుంది. కంప్యూటర్ ఈ రెండింటినీ పోల్చి చూసేది ఇంజిన్ బాగా వేడెక్కి, బండి కాసేపు ఒకే వేగంతో సాగుతున్నప్పుడే. అప్పుడైనా మొదటిసారి తప్పు కనిపిస్తే మనసులో పెట్టుకుంటుంది. తరువాతి ప్రయాణంలో కూడా కనిపించాకే లైటు వెలిగిస్తుంది. నేను కొన్న తరువాత తొమ్మిది రోజులు ఇల్లు, సూపర్‌మార్కెట్టు, పిల్లల బడి చుట్టూ తిరిగాను, ఏ లైటూ రాలేదు. ఆ వారాంతంలో ఎం4 మోటార్‌వే మీద స్విండన్ ఊరికి వెళ్లాను, అప్పుడూ రాలేదు. తిరుగు ప్రయాణంలో సగం దారిలో వచ్చింది. టెస్ట్ డ్రైవ్ పేరుతో వీధిలో పది నిమిషాలు తిప్పితే ఈ తప్పు బయటపడే అవకాశమే లేదు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. లైటు వచ్చాక కూడా బండి మామూలుగానే నడిచింది. వణుకు లేదు, పొగ లేదు, పెట్రోలు ఎక్కువ తాగలేదు. మన ఊళ్లలో పొల్యూషన్ సర్టిఫికెట్టు కోసం వెళ్తే పొగ గొట్టంలో పరికరం పెట్టి కొలుస్తారు తప్ప డాష్‌బోర్డు వైపు ఎవరూ చూడరు. నడుస్తున్న బండికి లైటు గొడవ ఎందుకన్న అలవాటు నాకు అక్కడి నుంచి వచ్చింది. ఎంఓటీ సమయంలో చూపిద్దాంలే అని ఆరు వారాలు గడిపాను. ఆ ఆరు వారాల ఆలస్యం వల్ల నాకు ఎంత నష్టం జరిగిందో కింద చెబుతాను.

ఎంఓటీ నియమం ఇది: 2003 జూలై 1 తరువాత వాడకంలోకి వచ్చిన పెట్రోలు కార్లకు, 2008 జూలై 1 తరువాత వచ్చిన డీజిలు కార్లకు ఇంజిన్ లైటు వెలుగుతూ ఉంటే అది మేజర్ లోపం, అంటే పరీక్ష తప్పినట్టే. 2018 మేలో లోపాలను డేంజరస్, మేజర్, మైనర్ అని విడదీశారు. మొదటి రెంటిలో ఏది పడినా పాస్ కాదు. ‘పసుపు లైటే కదా, ఎరుపు కాదు కదా’ అని మనవాళ్లు చాలామంది అనడం విన్నాను. పరీక్ష చేసేవారికి ఆ రంగు తేడాతో పని లేదు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు, స్టెబిలిటీ కంట్రోల్, పవర్ స్టీరింగు లైట్లు తప్పును సూచిస్తూ వెలిగినా ఇంతే. 2012 జనవరి నుంచి వచ్చిన కార్లలో టైరు గాలి ఒత్తిడిని కనిపెట్టే వ్యవస్థ పాడైనా ఇంతే. బల్బు తీసేస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఇంజిన్ లైటు, ఏబీఎస్ లైటు తాళం తిప్పగానే వెలిగి తీరాలి. అసలే వెలగకపోయినా లోపమే. ఎయిర్‌బ్యాగు లైటును వేరే లైటు తీగతో కలిపేసి, దానితో పాటే వెలిగి ఆరేట్టు చేసే దుర్మార్గులు కూడా ఉన్నారు. అలాంటి కారు ప్రమాదంలో పడితే ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటుందన్న భరోసా లేదు. అందుకే తాళం తిప్పినప్పుడు ఒక్కో లైటూ విడివిడిగా ఎప్పుడు వెలిగిందో ఎప్పుడు ఆరిందో చూడండి. ఎయిర్‌బ్యాగు లైటు ఇంకో లైటుతో పాటు ప్రతిసారీ కచ్చితంగా ఒకే క్షణంలో ఆరిపోతుంటే అనుమానించండి.

పరీక్ష తప్పాక ఒక సహోద్యోగి మంచి మనసుతోనే తన స్కానర్ ఇస్తానన్నారు. చెరిపేసి మరునాడు పొద్దున్నే తీసుకెళ్తే పాస్ అయిపోతుందని ఆయన అన్నది నిజమే. ఎంఓటీలో పరీక్షకుడు లైటు వెలుగుతోందా లేదా అని కంటితో చూస్తాడు తప్ప, జాబితా ఎప్పుడు చెరిపారో కంప్యూటరుకు యంత్రం తగిలించి చూడడు. నేను ఆ పని చేయలేదు, ఎవరూ చేయకూడదని గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే నా చేతికి ఈ బండి వచ్చింది సరిగ్గా అలాగే. అయితే ఇందులో కొనేవారు గమనించాల్సింది ఇంకొకటి ఉంది: ‘నిన్ననే పన్నెండు నెలల ఎంఓటీ చేయించాం’ అన్న ప్రకటన కూడా ఇంజిన్ లైటు విషయంలో హామీ కాదు.

మరి ఏం చేయాలి? కారు చూడటానికి వెళ్లేముందు బ్లూటూత్ స్కానర్ ఒకటి కొనుక్కోండి. ఇరవై పౌండ్ల లోపు దొరుకుతుంది. స్టీరింగు కింద, మోకాళ్ల దగ్గర ఉండే ఓబీడీ సాకెట్టులో (ఇంజిన్ కంప్యూటరుకు యంత్రం తగిలించే చోటు) దాన్ని పెట్టి ఫోనుకు కలుపుకోవాలి. అందరూ తప్పుల కోడ్లు చదివి, ఏమీ లేవని తృప్తిపడి ఆపేస్తారు. మీరు అక్కడ ఆపకండి. ‘రెడీనెస్’ అన్న పేజీ తెరవండి. కంప్యూటర్ తన పరీక్షల్లో ఏవి పూర్తి చేసిందో, ఏవి ఇంకా చేయలేదో అందులో ఉంటుంది. మిస్‌ఫైర్ (సిలిండరులో ఇంధనం సరిగ్గా మండకపోవడం), ఇంధన వ్యవస్థ వంటివి ఎప్పుడూ జరుగుతూనే ఉండే పరీక్షలు కాబట్టి అవి చెరిపిన వెంటనే కూడా పూర్తయినట్టే కనిపిస్తాయి, వాటిని చూసి మోసపోవద్దు. క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్ వరుసలు చూడండి. అవి రెండూ పూర్తి కాలేదని ఉంటే ఆ కారు జ్ఞాపకాన్ని ఈ మధ్యనే ఎవరో చెరిపి ఉండవచ్చు, లేదా బ్యాటరీ తీసి ఉండవచ్చు. చాలా కార్లలో ‘కోడ్లు చెరిపాక నడిచిన దూరం’ అన్న అంకె కూడా వస్తుంది. సంవత్సరమంతా తిరిగిన కారులో అది 6 అనో 11 అనో ఉంటే అమ్మేవారిని కారణం అడగాల్సిందే. నిజంగా బ్యాటరీ మార్చి ఉండవచ్చు, అందరూ మోసగాళ్లు కారు; అప్పుడు బిల్లు చూపించమనండి, వారం రోజులు తిప్పిన తరువాత మళ్లీ వచ్చి చూస్తానని చెప్పండి. స్కానర్ పెట్టనివ్వని మనిషి దగ్గర కారు కొనకండి.

ఇంటి నుంచి కదలకుండానే చూడగలిగింది ఇంకొకటి ఉంది, దాన్ని నేను చూడకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంది. ప్రభుత్వ వెబ్‌సైటులో కారు నంబరు ఇస్తే ఎంఓటీ చరిత్రంతా పైసా ఖర్చు లేకుండా కనిపిస్తుంది. ఏ తేదీన పాసైంది, ఎందుకు తప్పింది, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగింది, అన్నీ ఉంటాయి. నా కారు అంతకుముందు సంవత్సరం మార్చిలో ఇదే లైటు వల్ల తప్పింది, మరునాడే పాసైంది. రెండు పరీక్షల మధ్య తిరిగిన దూరం మూడు మైళ్లు. కన్వర్టర్ మార్చి ఉంటే నాకు ఈ అవస్థ ఉండేది కాదు. ఆ మూడు మైళ్లలో జరిగింది మరమ్మతు కాదని నేను అనుకోవడానికి కారణం అదే.

ఇక మరమ్మతు. పరీక్ష చేసిన గ్యారేజీలోనే కారు వదిలాను. అక్కడే వదిలి బాగు చేయిస్తే పది పనిదినాల లోపు జరిగే పాక్షిక పునఃపరీక్షకు రుసుము ఉండదు. పాత సర్టిఫికెట్టు గడువు ఇంకా ఉండి, డేంజరస్ లోపం లేకపోతే బండిని బయటికి తీసుకుపోవచ్చు కూడా, కానీ అది రోడ్డు మీద తిరగడానికి యోగ్యంగా ఉండాల్సిన బాధ్యత మనదే. కంప్యూటరులో ఉన్న కోడు పీ0420, అంటే కన్వర్టర్ సరిగ్గా శుద్ధి చేయడం లేదని. ఈ అంకె చూడగానే కన్వర్టర్ మార్చేయమనే మెకానిక్కులు ఉంటారు. నా బండి చూసిన పెద్దాయన మాత్రం ముందు పొగ గొట్టం అతుకుల్లో గాలి కారుతోందేమో చూశారు, తరువాత నన్ను పిలిచి ఫోను తెర మీద రెండు గీతలు చూపించారు. ముందు సెన్సర్ గీత, వెనక సెన్సర్ గీత, రెండూ ఒకదాని వెంట ఒకటి ఒకే తీరున ఊగుతున్నాయి. ఆ తరువాతే కన్వర్టర్ మార్చారు. కూలితో కలిపి 460 పౌండ్లు అయింది. ఎంఓటీ రుసుము వేరు. కారుకు గరిష్ఠంగా 54.85 పౌండ్లకు మించి తీసుకోకూడదని మాత్రం గుర్తుంచుకోండి.

ఆరు వారాల ఆలస్యం సంగతి చెబుతానన్నాను. వ్యాపారి దగ్గర కొన్న కారులో, కొన్ననాటికే ఉన్న లోపం బయటపడితే 30 రోజుల లోపే కారు తిరిగి ఇచ్చేసి పూర్తి డబ్బు అడిగే హక్కు 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ఇస్తోంది. ఆరు నెలల లోపు బయటపడితే లోపం మొదటి నుంచే ఉన్నట్టు భావిస్తారు, కానీ బాగుచేసి ఇవ్వడానికి అమ్మినవారికి ముందు ఒక అవకాశం ఇవ్వాలి. సొంతదారు దగ్గర కొంటే ఈ రక్షణలేవీ ఉండవు. ప్రకటనలో చెప్పినదానికి భిన్నంగా ఉందని నిరూపించుకోవాల్సిన బాధ్యత మీదే. అందుకే కొందరు వ్యాపారులు సొంతదారుల వేషం వేస్తారు, అలా వేషం వేయడం చట్టవిరుద్ధం. నా అమ్మకందారు ఫోను నంబరును వెతికితే అదే నంబరుతో మరి నాలుగు కార్లు కనిపించాయి, ఒక్కోటి ఒక్కో బంధువుదట. లైటు వచ్చిన రోజే నేను ఇంత వెతికి ఉంటే 30 రోజుల్లో ఇంకా సగానికి పైగా నా చేతిలో ఉండేవి. మార్చిలో ఫోను చేస్తే ‘సొంత అమ్మకం, చూసుకుని కొన్నారు’ అని పెట్టేశాడు.

ప్రకటన స్క్రీన్‌షాట్లు, సందేశాలు, డబ్బు పంపిన బ్యాంకు రుజువు, ఎంఓటీ తప్పిన కాగితం, మెకానిక్ రాసిచ్చిన వివరం జతచేసి అతనికి లిఖితపూర్వకంగా డబ్బు అడిగాను. ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వినియోగదారుల హెల్ప్‌లైనుకు కూడా ఫిర్యాదు చేశాను. వ్యాపార మోసాలను విచారించే ట్రేడింగ్ స్టాండర్డ్స్ అధికారులకు విషయం అక్కడి నుంచే చేరుతుంది. జవాబు కోసం చూస్తున్నాను. ‘అక్క కారు’ అనో ‘బావ కారు’ అనో చెప్పి, లాగ్‌బుక్కులో తన పేరు లేకుండా మీకు ఎవరైనా ఇలాగే అమ్మి ఉంటే, ప్రకటన తీసేయకముందే స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని, మీరూ అదే హెల్ప్‌లైనుకు చెప్పండి.