ఫొటో తీస్తే హోంవర్క్ జవాబు: బెంగళూరు ట్యూషన్‌లో రెండేళ్ల వాడకం తర్వాత

ప్రశ్నను ఫొటో తీస్తే జవాబిచ్చే ఒక యాప్‌ను మారతహళ్ళిలో తెలుగిళ్ల పిల్లల ట్యూషన్‌లో రెండు విద్యా సంవత్సరాలుగా వాడుతున్నాం. ఆరు నుంచి పది దాకా తరగతులు. కొందరిది సీబీఎస్ఈ, కొందరిది కర్ణాటక స్టేట్ సిలబస్. అన్ని సబ్జెక్టులూ చెబుతానంటుంది, చెబుతుంది కూడా. దేంట్లో ఎంత నమ్మాలో పెద్దవాళ్లకు తెలిసి ఉండాలి, అంతే.

లెక్కల్లో ఇది లెక్క తప్పడం అరుదు. ప్రశ్నను తప్పుగా చదవడమే ఎక్కువ. ఎక్స్ నెత్తిన ఉన్న చిన్న 2ను పక్కకు దించేస్తే వర్గ సమీకరణం కాస్తా మామూలు సమీకరణం అయిపోతుంది. పెన్సిల్‌తో రాసిన మైనస్ నోటుబుక్కు గీతలో కలిసిపోతుంది. గుణకారం గుర్తు ఎక్స్ అయి కూర్చుంటుంది. అందుకే జవాబు చూడకముందే, పైన అది టైపు చేసి చూపే ప్రశ్నను పుస్తకం పక్కన పెట్టి గుర్తు గుర్తూ సరిచూడాలి. ఫొటోకు ఒకటే ప్రశ్న. పేజీని కుట్టు దగ్గర అదిమిపట్టి, ఫోను నీడ పడకుండా నిటారుగా పైనుంచి తీయాలి. ఈ ఒక్క అలవాటుతో సగం గొడవ తీరింది.

రెండో చిక్కు పద్ధతిది. 7 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్త వైశాల్యం π (పై) విలువ 22/7 అనుకుంటే 154 చదరపు సెంటీమీటర్లు, 3.14 అనుకుంటే 153.86. యాప్ π విలువను ఇంకా కచ్చితంగా తీసుకుని 153.94 అంటుంది. పుస్తకం వెనక 154 అనే ఉన్నా, పిల్లాడు యాప్‌ను నమ్మి తన సరైన జవాబు కొట్టేస్తాడు. ప్రశ్న కిందే ‘π విలువ 22/7’ అని టైపు చేస్తే సరి.

ఫిజిక్స్‌లో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 10 సెంటీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న కుంభాకార లెన్స్ ముందు 15 సెంటీమీటర్ల దూరంలో వస్తువు పెడితే ప్రతిబింబం 30 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోని ‘న్యూ కార్టీజియన్’ ప్లస్-మైనస్ పద్ధతిలో వస్తువు దూరం మైనస్ 15, మాగ్నిఫికేషన్ (ప్రతిబింబం ఎన్ని రెట్లో చెప్పే అంకె) మైనస్ 2. యాప్ ఒక్కోసారి పాత పద్ధతిలో అన్నీ ప్లస్‌లుగా వేసి అదే 30కి చేరుతుంది. జవాబు ఒకటే, మెట్లు వేరు. మార్కులు పోయేది ఆ మెట్లలోనే. బోర్డు, తరగతి, పాఠం పేరు, ‘న్యూ కార్టీజియన్ గుర్తులు’ అని ముందే రాసి అడగాలి.

కెమిస్ట్రీ సమీకరణాల తూకంలో తిరుగులేదు. సోషల్‌లో మాత్రం తేదీలూ సంధులూ పుస్తకంలో చూశాకే రాయించాలి. రెండో మైసూరు యుద్ధం 1784 మంగళూరు సంధితో ముగిసింది, మూడోది 1792 శ్రీరంగపట్నం సంధితో. ఈ రెండింటినీ తారుమారు చేసి, ఎంతో ధీమాగా చెప్పింది.

కన్నడలో అసలు పనికిరాదని మా గట్టి అభిప్రాయం. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు కావడంతో చేతిరాత కన్నడను తెలుగనుకుంటుంది. వ్యాకరణంలో ఇంకా ప్రమాదం. ‘ఊరు + ఊరు = ఊరూరు’ కన్నడలో లోప సంధి, తెలుగులో ఆమ్రేడిత సంధి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ ఉన్న పిల్లలు మామూలుగానే ఇక్కడ తడబడతారు. యాప్ రెండో పేరు చెబితే వాళ్లకు అనుమానం కూడా రాదు.

తెలుగులో వివరించమంటే ‘కటకం’, ‘నాభ్యంతరం’ అంటుంది. మంచి మాటలే, కానీ ఇంగ్లీషు మీడియం పిల్లలకు అర్థం కావు. ‘వివరణ తెలుగులో, సైన్స్ పదాలు ఇంగ్లీషులోనే’ అని అడిగితే ఇంట్లో అమ్మ చెప్పినట్టు చెబుతుంది. మాకు బాగా నచ్చింది ఇదే.

చివరి జవాబు మొదటే చూపించడం పెద్ద లోపం. ‘మొదటి మెట్టు మాత్రమే చెప్పి ఆగు’ అని ప్రతిసారీ రాయాల్సి వస్తోంది. అందుకే పిల్లలు ముందు సొంతంగా చేసి, ఆ పేజీనే ఫొటో తీసి ‘ఏ వరుసలో తప్పింది’ అని అడిగేలా నేర్పాం. అలా వాడితే ఇది నిజంగా మంచి ట్యూటరే. ఈ ఏడూ చందా కడుతున్నాం, లెక్కలకూ సైన్స్‌కూ మాత్రమే.