లా కాలేజీ చూడ్డానికి హన్మకొండ పోతున్నారా? సెలవు రోజున మాత్రం పోవద్దు

జగిత్యాల, మంచిర్యాల, భూపాలపల్లి నుంచి లా సీటు కోసం హన్మకొండ వచ్చేవాళ్లలో సగం మంది ఆదివారమో రెండో శనివారమో దిగుతారు. ఆ రోజు బిల్డింగు కనిపిస్తుంది, వాచ్‌మన్ కనిపిస్తాడు, గేటు మీద ఫ్లెక్సీ కనిపిస్తుంది. క్లాసు ఒక్కటే కనిపించదు. మంగళ, బుధవారాల్లో ఉదయం పదకొండింటికి, ముందు ఫోన్ చేయకుండా పోండి. లా కాలేజీలకు అనుమతిచ్చే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా లెక్కన సెక్షన్‌కు 60 మంది మించకూడదు. అందులో బెంచీల మీద ఎందరున్నారో కిటికీలోంచి లెక్కపెడితే ఆ కాలేజీ సంగతి సగం తెలిసిపోతుంది.

ఎందుకింత పట్టుదల అంటే, కొన్ని ప్రైవేటు కాలేజీల ఆఫీసు గదిలో మొదట వినిపించే మాట ఇది: "వచ్చుడు అవసరం లేదు సార్. పరీక్షలకు వస్తే సాలు, అటెండెన్సు మేం చూసుకుంటం." ఉద్యోగం చేసుకునేవాళ్ల చెవికి అది తేనె. కానీ ఆ 'చూసుకోవడానికి' విడిగా ఒక మొత్తం ఉంటుంది, దానికి రసీదు ఉండదు. బార్ కౌన్సిల్ 2008 నియమాల్లో ప్రతి సబ్జెక్టుకూ 70 శాతం హాజరు ఉండాలని రాసి ఉంది. గట్టి కారణం ఉంటే 65 దాకా సడలింపు. 2024 సెప్టెంబరులో బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు పెట్టాలనీ, ఉద్యోగం చేస్తుంటే ఆ సంగతి విద్యార్థి రాసివ్వాలనీ సర్క్యులర్ కూడా పంపారు. రేపు తేడా వస్తే సంతకం విద్యార్థిది, ఆఫీసువాళ్లది కాదు. వెంట వచ్చిన బావలూ బాబాయిలూ ఇదే 'మంచి సౌలత్' అని మురిసిపోతారు. వాళ్లను బయట చాయ్ దగ్గర కూర్చోబెట్టడం మేలు.

ప్రయాణం మామూలే. రైలైతే కాజీపేటలో దిగండి, యూనివర్సిటీ లా కాలేజీ ఉన్న సుబేదారి అటునుంచే దగ్గర. వరంగల్ స్టేషన్‌లో దిగితే హన్మకొండ మొత్తం దాటి రావాలి. ఆడపిల్లలకు, తోడొచ్చే తల్లులకు తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. డీలక్స్ ఎక్కితే డబ్బులు కట్టాలి. రాత్రి ఉండాల్సి వస్తే బస్టాండు దగ్గరి లాడ్జిలో వెనకవైపు గది అడగండి, ముందువైపు హారన్లకు నిద్ర ఉండదు. చెక్ అవుట్ 24 గంటలదా, మధ్యాహ్నం 12కేనా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోండి. రాత్రి తొమ్మిదికి దిగినవాళ్లు రెండో రోజు అద్దె కట్టేది అక్కడే.

కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ సుబేదారిలో ఉంది. దాని అసలు బలం పొరుగు. అదాలత్ దగ్గరే జిల్లా కోర్టు, అందులో 2021 డిసెంబరులో మొదలైన కొత్త సముదాయం. దీని విలువ మొదటి ఏడాది అర్థం కాదు. మూట్ కోర్టు (ఉత్తుత్తి కేసు మీద వాదన) పేపరు 100 మార్కుల్లో 30 మూట్‌లకు, 30 కోర్టులో విచారణలు చూసి డైరీ రాసినందుకు, 30 క్లయింటుతో మాట్లాడడం, కేసు సిద్ధం చేయడం నేర్చినందుకు, 10 వైవాకు. చివరి ఏళ్లలో కనీసం రెండు ట్రయల్స్ కూర్చుని చూడాలి. కోర్టు దూరమైతే పిల్లలు సీనియర్ రికార్డు దిగరాస్తారు, వైవాలో దొరికిపోతారు. ఇంటర్న్‌షిప్ మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేళ్లదానికి 20 వారాలు. ఒక ఏడాదిలో వరుసగా నాలుగు వారాలకు మించి చేయకూడదు గనుక చివర్లో ఒకేసారి లాగేద్దామంటే కుదరదు.

కాలేజీ చూశాక కోర్టుకూ పోండి. ఉదయం పదిన్నరకు కాల్ వర్క్, అంటే ఆ రోజు కేసులను వరుసగా పిలవడం మొదలవుతుంది. మామూలు కేసుల్లో విచారణ ఎవరైనా చూడొచ్చు. ఫోన్ ఆపేసి వెనక బెంచీలో గంటసేపు కూర్చుంటే, వాయిదాల మీద వాయిదాలు చూశాక, ఈ చదువు తనకు పడుతుందో లేదో పిల్లకే తెలుస్తుంది. ఏ కౌన్సెలర్ అయినా ఇంతకంటే బాగా చెప్పలేడు.

లైబ్రరీ ఎవరూ అడగరు. తండ్రులు హాస్టల్ అడుగుతారు, పిల్లలు వైఫై అడుగుతారు. మీరు బీరువా తెరిపించండి. ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్టుల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉన్న పుస్తకాలు) లేకపోతే ఆ లైబ్రరీ నిద్రపోతున్నట్టే. పాత ఐపీసీ పుస్తకాలు తీసిపారేసినా తప్పే, అంతకుముందు జరిగిన నేరాలు ఇంకా దాని కిందే నడుస్తున్నాయి. కోర్టు తీర్పులు అచ్చేసే ఏఐఆర్, ఏఎల్‌టీ జర్నళ్లు ఏ ఏడాది దగ్గర ఆగిపోయాయో చూడండి. పుస్తకం వెనక చివరి ఇష్యూ తేదీ కూడా.

ఖర్చు విషయానికొస్తే, రాష్ట్రంలో లా సీట్లకు రాసే ఎంట్రన్స్ లాసెట్ దరఖాస్తు ₹900, ఎస్సీ ఎస్టీలకు ₹600. కౌన్సెలింగుకు మరో ₹800, ఎస్సీ ఎస్టీలకు ₹500. పరీక్షలో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. 42 మార్కులు వస్తే అర్హత, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. జాతీయ స్థాయి లా యూనివర్సిటీ నల్సార్ కావాలంటే క్లాట్ అనే వేరే ఎంట్రన్స్ రాయాలి, దానికి ₹4,000. నల్సార్ ఉన్న శామీర్‌పేట కరీంనగర్ నుంచి హైదరాబాద్ పోయే దారిలోనే ఉంది, ఆ వైపువాళ్లు ఎలాగూ ఆ ఊరి మీదుగానే పోతారు. పెద్ద కంపెనీల్లో పని చేయాలన్న కోరిక గట్టిగా ఉంటే ఆ నాలుగు వేలు పెట్టండి. పరకాలలోనో హుజూరాబాద్‌లోనో ప్రాక్టీసు పెట్టేవాళ్లకు సుబేదారి చాలు. నిజామాబాద్ వైపువాళ్లు డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీ కూడా చూడొచ్చు. వంగర పీవీ లా చదవడానికి నాగ్‌పూర్ పోయాడు. ఇప్పుడు అంత దూరం అక్కర్లేదు.

ప్రైవేటులో ట్యూషన్ ఫీజు, స్పెషల్ ఫీజు, యూనివర్సిటీ ఫీజు మూడూ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. బార్ కౌన్సిల్ అనుమతి మీరు చేరే ఏడాదికి ఉందా అన్నది ఆ ఉత్తర్వు తేదీ చూసి నమ్మండి, గోడమీద ఫ్రేము చూసి కాదు. అనుమతులు ఆలస్యమైనప్పుడు కౌన్సెలింగు, క్లాసులు కూడా వెనక్కి జరుగుతాయి. హాస్టల్ అడ్వాన్సు తొందరపడి ముందే కట్టొద్దు.

చివరి పేచీ ఒరిజినల్స్‌తో. స్కాలర్‌షిప్ బకాయి వచ్చేదాకా సర్టిఫికెట్లు ఇవ్వమనే కాలేజీలు ఉన్నాయి. ఒరిజినల్స్ ఆపుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. సీటొచ్చిన కాలేజీలో చేరే (రిపోర్టింగ్) రోజు రెండు సెట్ల జిరాక్సులు పట్టుకెళ్లండి. పరిశీలన అయ్యాక ఒరిజినల్స్ అక్కడికక్కడే అడిగి తీసుకోండి. ఉంచుకుంటామంటే ఏవేవి తీసుకున్నారో రాసి, ముద్ర వేసి ఇచ్చేదాకా కుర్చీ దిగొద్దు.