పాలు పడని పిల్లతో బెజవాడ, గుంటూరు

మా అమ్మాయికి ఆవుపాలైనా, గేదెపాలైనా పడవు. లాక్టోజ్ (పాలల్లో ఉండే చక్కెర) అరగని సమస్య వేరు, మాది వేరు. లాక్టోజ్ పడనివాళ్లు అది తీసేసిన పాలు తాగొచ్చు, చాలామంది కాస్త పెరుగు, నెయ్యి తట్టుకుంటారు. మా పిల్లకున్నది పాల ప్రొటీన్‌కు ఎలర్జీ. కాచి వడగట్టిన నెయ్యిలో కూడా ఆ ప్రొటీన్ కొంచెం మిగిలిపోవచ్చు, అందుకే మా డాక్టరు అదీ వద్దన్నారు. బెజవాడ, గుంటూరు వెళ్తున్నామంటే, "అక్కడ నెయ్యి లేకుండా ముద్ద పెట్టరు కదమ్మా, పిల్ల ఏం తింటుంది?" అని మా అత్తగారికి ఒకటే టెన్షన్.

వెళ్లొచ్చాక నేను చెప్పేదేంటంటే, తిండికి అక్కడ కొదవ లేదు. అడిగే పద్ధతే తెలియాలి. "ఇందులో పాలున్నాయా?" అంటే ఎక్కడైనా "లేవండీ" అనే చెబుతారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు, వంటవాళ్ల లెక్కలో నెయ్యి, పెరుగు పాల కిందికి రావు. నెయ్యి, వెన్న, పెరుగు, మజ్జిగ, మీగడ, కోవా, పాలపొడి అని ఒక్కో పేరూ చెప్పి అడగాలి. సర్వరు నిలబడిన చోటే "లేదు" అనేశాడా, లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చాడా అన్నదాన్ని బట్టే నేను హోటళ్లకు మార్కులు వేశాను.

మొదట బెజవాడ రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, గాంధీనగర్ టిఫిన్ హోటళ్లు నడిచి వెళ్లేంత దూరం. కానీ ఫ్రిజ్ లేదు. కెటిల్ పక్కన పెట్టినవన్నీ పాలపొడి ప్యాకెట్లే. పొద్దున టిఫిన్ ఉచితమన్నారు గానీ, ఉప్మాలో నెయ్యి ఉందో లేదో చెప్పగలిగేవాళ్లు ఎవరూ కనబడలేదు. తర్వాత బెంజి సర్కిల్ వైపు వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్‌కు మారాం. అద్దె దాదాపు రెట్టింపు. పొయ్యి, మిక్సీ, ఫ్రిజ్ ఉన్నాయి. పాలు పడని మనిషి వెంట ఉంటే ఆ రెట్టింపు ఇవ్వొచ్చని నా అభిప్రాయం.

ఎందుకంటే మా పిల్లకు భోజనం చివర పెరుగన్నం కావాలి. దానికి మేం ఇంట్లో చేసే పల్లీల పెరుగే అక్కడా తోడుపెట్టాను. పల్లీలు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వడగట్టి, ఆ పాలను అడుగంటకుండా కలుపుతూ కాచాలి. గోరువెచ్చగా అయ్యాక నాలుగైదు పచ్చిమిర్చి తొడిమలు వేసి మూత పెడితే చాలు. ఆ తొడిమలకుండే బ్యాక్టీరియాతోనే తోడుకుంటుంది. మొదటిసారి పల్చగా, కాస్త వాసనగా ఉంటుంది. అందులోంచి చెంచాడు తీసి రెండోసారి తోడుపెడితే గట్టిగా వస్తుంది. బెజవాడ వేడికి మా ఇంట్లో కన్నా తొందరగా తోడుకుంది. అల్లం, కరివేపాకు పోపు పెట్టి కలిపితే పిల్ల గిన్నె ఖాళీ చేసింది. కొబ్బరిపాలు కూరల్లోకి, పాయసంలోకి బాగుంటాయి. అన్నంలో కలుపుకోవడానికి మాత్రం పల్లీల పెరుగే సరి.

గాంధీనగర్ బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్నకే పేరు. వెన్న లేకుండా, వేరే చెంచాతో వడ్డించమంటే ఏమీ అనుకోకుండా అలాగే ఇచ్చారు. పెసరట్టు నూనెతో కాల్చమంటే ఇబ్బంది లేదు. అదే పెనం మీద అంతకుముందు నెయ్యి దోశ పోసి ఉంటారు కాబట్టి ముందు తుడవమని చెప్పాలి. రవ్వ దోశ పిండిలో మజ్జిగ కలపడం మామూలే. మైసూర్ బజ్జీ పిండి పెరుగుతోనే కలుపుతారు. పునుగులు కొన్నిచోట్ల ఇడ్లీ పిండితో, కొన్నిచోట్ల మైదా, పెరుగుతో వేస్తారు, అడగనిదే తెలియదు. బిర్యానీ మాంసం పెరుగులో నానబెడతారు, ఉలవచారులో మీగడ వేస్తారు. అన్నిటికన్నా కనిపెట్టలేనివి పప్పులోకి నంజుకునే ఊరమిరపకాయలు. వాటిని మజ్జిగలో నానబెట్టే ఎండబెడతారు.

దుర్గ గుడిలో లడ్డూ వదిలేసి పులిహోర తీసుకున్నాం. పిల్లకు బాగా నచ్చింది మంగళగిరి. కొండమీద పానకాల స్వామి నోట్లో పానకం పోస్తే సగం స్వామి తాగి, మిగతా సగం ప్రసాదంగా ఇస్తాడని నమ్మకం. బెల్లం, నీళ్లు, మిరియాలు, యాలకులు, అంతే. గుళ్లో అందరితోపాటు చెయ్యి చాపి, నన్నడక్కుండా పిల్ల ప్రసాదం తాగింది. కింది గుడి దగ్గర పదకొండు అంతస్తుల గాలిగోపురం చూస్తూ ఇంకో గ్లాసు అడిగింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వైపు భోజనం బాగుంది. గోంగూర పచ్చడి, పచ్చిపులుసు, దోసకాయ పప్పు, కందిపొడి, అన్నీ పిల్ల తినగలిగినవే. ఒక మెస్సులో పెద్దాయన నెయ్యి గిన్నెతో వచ్చి "కొంచెమే వేస్తానమ్మా, బలం కదా" అన్నారు. విషయం చెప్పగానే గిన్నె వెనక్కి పంపి, వేరే గిన్నెలో తీసిపెట్టిన పప్పు తెచ్చి, పొడిలోకి నువ్వులనూనె పోశారు. ఆ ఊళ్లో అంతకన్నా మంచి సర్వీస్ నేను చూడలేదు. ఇంకోచోట మాత్రం "చిటికెడు నెయ్యికేమవుతుంది" అని వాదించారు, లేచి వచ్చేశాం. మిరపకాయ బజ్జీ శనగపిండిదే, నిశ్చింతగా తినొచ్చు. అదే మూకుడులో మైసూర్ బజ్జీ కూడా వేయిస్తున్నారేమో చూసుకోవాలి.

స్వీట్ల దుకాణంలో పల్లీ పట్టి, నువ్వులుండ తప్ప వేరేవి కొనలేదు. వాటికీ పళ్లెంలో నెయ్యి రాశారా అని అడిగాను. ప్యాకెట్ల మీద పచ్చ చుక్క ఉంటే శాకాహారమనే అర్థం, పాలు లేవని కాదు. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం పాలుంటే ఎలర్జీ సమాచారంలో రాయాలి కాబట్టి ఆ చిన్న అక్షరాలు చదవాల్సిందే. బందరు రోడ్డు సూపర్‌మార్కెట్లో సోయా పాల డబ్బాలు దొరికాయి, తెరిచేదాకా ఫ్రిజ్ అక్కర్లేదు. పొద్దున రోడ్డు పక్క అమ్మే రాగిజావలో మజ్జిగ కలుపుతారు. ముందే చెబితే ఉప్పు, నీళ్లతో ఇస్తారు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది గనుక పాలు తాగని పిల్లకు జావ తప్పనిసరిగా పట్టిస్తాను.

మళ్లీ వెళ్తే మకాం విజయవాడలో, వంటగది ఉన్న గదిలోనే. గుంటూరుకు పొద్దున రైలెక్కి, ఆ మెస్సులో భోంచేసి, సాయంత్రానికి తిరిగి వచ్చేస్తాం.