వేమనా, రాయలా?

పీజీ ఎంట్రన్స్ పీజీసెట్‌లో లైఫ్ సైన్సెస్ పేపర్ రాసేశా, ఇక వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలన్నదే టెన్షన్. ఎమ్మెస్సీ బాటనీ కడపలో యోగి వేమనలో చేయాలా, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయలో చేయాలా? ఇంట్లో కూర్చుని వాదించుకునే బదులు రెండూ చూసొద్దామని మామను వెంటేసుకుని ప్రొద్దుటూరు నుంచి బయల్దేరా. ఆధార్ చూపిస్తే బస్సులో నాకు ఫ్రీ, టికెట్ డబ్బులు మామకు మాత్రమే. "నన్నేంటికి తీసుకొచ్చినావ్ పాపా, ఖర్చు పెట్టించడానికా" అని దారి పొడుగునా సణుగుడే.

వేమన యూనివర్సిటీ కడప ఊళ్లో ఉండదు, పులివెందుల రోడ్డులో దూరంగా విసిరేసినట్టు ఉంటుంది. బస్సెక్కే ముందే గేటు దగ్గర ఆపుతారో లేదో కండక్టర్‌ని అడగండి. 2006లో పెట్టిన యూనివర్సిటీ కాబట్టి పాత క్యాంపస్‌ల లాగా దట్టమైన నీడ ఆశించొద్దు, మధ్యాహ్నం పన్నెండుకు బ్లాక్ నుంచి బ్లాక్‌కి నడిస్తే మాడు పగులుతుంది. నాకు నచ్చింది మాత్రం అక్కడి బొటానికల్ గార్డెన్. పుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పట్టిన ఎర్రచందనాన్ని మొదటిసారి చేత్తో తడిమింది అక్కడే. బెరడు మొసలి చర్మంలా గళ్లుగళ్లుగా పగిలి ఉంది, కింద ఎండిన కాయలు పడి ఉన్నాయి. గుండ్రటి పలచని రెక్క, నడుమ గింజ ఉన్నచోట గట్టిగా ఉబ్బు. ఒకటి జేబులో వేసుకున్నా (తప్పే). శేషాచలం, పాలకొండలు, లంకమల అడవులన్నీ ఈ చుట్టుపక్కలే కాబట్టి ఫీల్డ్ ట్రిప్పులకు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

తిరిగి కడప వచ్చి బ్రౌన్ లైబ్రరీలో ఓ అరగంట కూర్చున్నాం. బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే కట్టిన లైబ్రరీ. ఫ్యాన్ కింద మామ నిద్రపోయాడు.

రాత్రికి అనంతపురం చేరాం. బస్టాండ్ దగ్గర ఒక లాడ్జి, పేరెందుకులెండి, ఇరవై నాలుగు గంటలూ వేడి నీళ్లని బోర్డు పెట్టి ఉదయం ఆరుకు చన్నీళ్లు కూడా రానివ్వలేదు. అడిగితే "మోటార్ వేస్తన్నాం మేడం" అంటూ ఎనిమిది చేశారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాక కాస్త కోపం తగ్గింది.

శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ) ఊరికి సుమారు పది కిలోమీటర్లు, ఇటికలపల్లి దగ్గర, కదిరి వైపు రోడ్డు మీదే. 1968లో తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా మొదలై 1981లో యూనివర్సిటీ అయింది. కడపలోదీ ముందు ఎస్వీ పీజీ సెంటరే, అంటే రెండూ ఒకే తల్లి బిడ్డలు. బాటనీ డిపార్ట్‌మెంట్‌లో ఒక రీసెర్చ్ అక్క హెర్బేరియం, అంటే ఎండబెట్టి షీట్లకు అంటించి దాచిన మొక్కలు, చూపించింది. బీరువా తెరవగానే కలరా ఉండల వాసన. ఆమె తీసిన మొదటి షీట్ ఏంటనుకున్నారు, మా ఇంటి వెనక మేకలు కూడా ముట్టని తంగేడు! నేను పుట్టకముందెప్పుడో కోసిన కొమ్మ, పూల పసుపు వెలిసి టీ రంగుకు తిరిగింది, కాడ కదలకుండా తెల్లదారంతో కుట్లు, కింద కుడి మూల లేబుల్ మీద ఊరు, తేదీ, కోసినవాళ్ల పేరు. వేలు పెట్టబోతే "ముట్టుకోవద్దు తల్లీ, పురుగు పట్టకుండా పాత షీట్లకు విషం పూసేవాళ్లు" అని చెయ్యి పక్కకు నెట్టింది. మా డిగ్రీ కాలేజీలో హెర్బేరియం అంటే రికార్డు బుక్‌లో సెల్లోటేపుతో అంటించిన నాలుగాకులు, అంతే.

ఒక మాట, ఆదివారం పోవద్దు. డిపార్ట్‌మెంట్లకు తాళాలుంటాయి, గేటు దగ్గర ఫొటోలు దిగి రావడమే అవుతుంది. హాస్టల్ సంగతి ఆఫీసులో కాదు, క్యాంటీన్‌లో సీనియర్ అక్కలను అడగండి. మన యూనివర్సిటీ హాస్టళ్లలో మామూలుగా డివైడింగ్ సిస్టమే, నెల ఖర్చును తలా ఇంతని పంచుతారు కాబట్టి పోయిన నెల బిల్లు ఎంతొచ్చిందో అడిగితే అసలు లెక్క తెలుస్తుంది.

అమ్మకు వేమనే ఇష్టం, శనివారం సాయంత్రానికి ఇంట్లో ఉంటానని. నేను మాత్రం తిరుగు బస్సులోనే ఎస్కేయూ ఒకటి, వేమన రెండు అని రాసేసుకున్నా. ఇంట్లో చెప్పే పని మామకు అప్పజెప్పా, టికెట్ డబ్బులు నేనిచ్చేలా ఒప్పందం.